ఖాళీగా తిరిగిన గంట ఎవరి ఖాతాలో?

మా నాయిన ఖాకీ చొక్కాకి రెండు జేబులుండేవి. పొద్దున ఆరింటికి ఆటో తీసినప్పటి నుంచి వచ్చిన నోటు వచ్చినట్టు ఎడమ జేబులోకి పోయేది. అది సేటుది. బండి ఆయనది, పర్మిట్ ఇంకెవరి పేరు మీదో ఉన్నా దాన్ని తిప్పుకునే హక్కు ఆయనది. అందుకని రోజు కిరాయి ముందు ఆయనకే. ఆ లెక్క నిండాకే కుడి జేబు మొదలయ్యేది. అందులోంచి పెట్రోలు పోను మిగిలింది ఇంటికి. కుడి జేబులో మొదటి నోటు పడేసరికి చాలా రోజులు మధ్యాహ్నం దాటేది. పండగ మర్నాడు, బళ్లు మూసేసిన మే నెలలో, అసలు పడేదే కాదు. "ఇయ్యాల సేటు కోసమే తిరిగిన" అనేవాడు కాళ్లు కడుక్కుంటూ. ఆ మాటలో కోపం కూడా ఉండేది కాదు. ఎండ ఎక్కువుంది అన్నట్టే చెప్పేవాడు.

చాలా ఏళ్లు ఇది మా ఇంటి సంగతి మాత్రమే అనుకున్నాను. మహా అయితే హైదరాబాద్ సంగతి.

ఆఫీసు పంపితే రెండేళ్లు జెర్సీ సిటీలో ఉన్నాను. 2018 చలికాలంలో ఒక రాత్రి జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టు దగ్గర పసుపు ట్యాక్సీ ఎక్కాను. డ్రైవరు బంగ్లాదేశ్ నుంచి వచ్చిన పెద్దాయన. ఇద్దరం సినిమాల్లో నేర్చుకున్న హిందీలోనే మాట్లాడుకున్నాం. ఇల్లెక్కడ అని అడిగితే ఆయన అద్దంలోంచి బండి బానెట్ వైపు చూపించాడు. దాని మీద బిగించిన చిన్న రేకు ఉంది. దాన్ని మెడాలియన్ అంటారు. ఇల్లు కొనుక్కోవాల్సిన డబ్బు ఆ రేకుకి పెట్టాననీ, ఇప్పుడు ఇల్లూ లేదు, రేకుకి విలువా లేదనీ చెప్పాడు. రోజూ సగం పొద్దు బ్యాంకు కోసం, ఆ తర్వాత తన కోసం నడుపుతానన్నాడు. నాకు ఎడమ జేబు గుర్తొచ్చింది.

ఆ రేకు కథ కోసం చదవడం మొదలుపెట్టాను. ట్యాక్సీల నియంత్రణ అనగానే మనకు మీటరు, రేటు, పర్మిటు, ఆర్టీఓ ఆఫీసు గుర్తొస్తాయి. కానీ న్యూయార్క్ వందేళ్ల చరిత్ర చదివితే వీటన్నిటి కింద ఒకే తగువు కనిపించింది. బండిలో ఎవరూ లేని సమయం ఖరీదు ఎవరు కట్టాలి?

ట్యాక్సీ అన్నాక కాసేపు ఖాళీగా ఉండి తీరాలి. మీరు చెయ్యెత్తగానే బండి ఆగిందంటే, ఫోన్ నొక్కిన రెండు నిమిషాల్లో వచ్చిందంటే, అంతకుముందు దాకా ఒక మనిషి ఆ చుట్టుపక్కల గిరాకి లేకుండా కూర్చున్నాడని అర్థం. మనం కొనే సౌకర్యంలో ఆయన ఎదురుచూపు ఒక భాగం. మా సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇలాంటిదొకటి ఉంది. ఒక్కసారిగా జనం వచ్చిపడినా సైట్ పడిపోకుండా కొన్ని సర్వర్లు అదనంగా నడుపుతూ ఉంచుతాం. అవి ఖాళీగా ఉన్నా సరే, బిల్లు కంపెనీయే కడుతుంది. ట్యాక్సీ దగ్గరికొచ్చేసరికి ఆ బిల్లు ఎవరికి పోతుందన్నదే ఈ కథంతా.

* * *

కిరాయి బళ్లను లెక్కపెట్టి ఇన్నే ఉండాలనడం చాలా పాత అలవాటు. 1635లో ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్, లండన్ వీధులు కిరాయి బగ్గీలతో ఇరుకైపోతున్నాయని వాటిని కట్టడి చేస్తూ ప్రకటన చేశాడు. ఆయన తల పోయాక, 1654లో క్రామ్‌వెల్ ప్రభుత్వం ఇంకాస్త పద్ధతిగా 300 బగ్గీలు మించకూడదని ఆర్డినెన్స్ తెచ్చింది. తర్వాత ఆ సంఖ్య మెల్లగా పెరుగుతూ పోయింది. 1831 చట్టంతో లండన్ ఆ పరిమితినే వదిలేసింది. దాని బదులు అక్కడ వేరే అడ్డుకట్ట వచ్చింది. నగరం వీధులన్నీ కంఠతా పట్టి పరీక్ష పాసైతేనే లైసెన్స్. దాని పేరే 'ది నాలెడ్జ్'. ఏళ్లు పట్టే చదువది. అంటే లండన్ బండిని లెక్కపెట్టడం మానేసి మనిషిని పరీక్షించింది. అలా వచ్చిన లైసెన్స్ ఆ మనిషితోనే ఉంటుంది, ఇంకొకరికి అమ్ముకోవడం కుదరదు. న్యూయార్క్ ఇంకో దారి పట్టింది.

న్యూయార్క్‌లో మీటరు ట్యాక్సీలు 1907లో వచ్చాయి. హ్యారీ అలెన్ అనే కుర్ర వ్యాపారి కొద్ది దూరానికి గుర్రబ్బండివాడు అయిదు డాలర్లు అడిగాడని మండిపడి, ఫ్రాన్స్ నుంచి పెట్రోలు కార్లు తెప్పించాడని చెప్తారు. మొదటి విడతలో వచ్చినవి 65. మీటరు వల్ల ప్రయాణికుడికి ఒక భరోసా దొరికింది. తిరిగిన దూరానికే డబ్బు. అయితే మీటరు తిరిగేది బండిలో మనిషి ఉన్నప్పుడే. గిరాకి లేని సమయాన్ని కొలిచే యంత్రం ఎవరూ పెట్టలేదు.

1929 తర్వాత మాంద్యం వచ్చింది. పనిపోయిన వాళ్లకు చేతిలో ఉన్న విద్య డ్రైవింగ్. కారు అద్దెకు తెచ్చుకుంటే చాలు, ట్యాక్సీ అయిపోయేది. గిరాకి తగ్గుతుంటే బళ్లు పెరిగాయి, రేట్ల పోటీ మొదలైంది, రోజంతా తిరిగినా తిండికి చాలని పరిస్థితి. నియంత్రణ కావాలని అందరూ ఒప్పుకున్నారు కానీ అది ఎవరి మేలుకన్నది తేలలేదు. అప్పటి మేయర్ జిమ్మీ వాకర్ 1932లో ట్యాక్సీల మీద ఒక బోర్డు పెట్టాడు. ట్యాక్సీ వ్యాపారంలో ప్రయోజనాలున్న ఫైనాన్షియర్ దగ్గర బాండ్లు తీసుకున్నాడన్నది ఆయన మీద నడిచిన విచారణలో బయటికొచ్చిన ఆరోపణల్లో ఒకటి. ఆ సెప్టెంబరులోనే రాజీనామా చేశాడు.

1934లో డ్రైవర్లు సమ్మెకు దిగారు. అంతకుముందు నగరం ప్రతి ట్రిప్పు మీదా అయిదు సెంట్ల పన్ను వేసింది, కోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికే వసూలైన సొమ్ములో డ్రైవర్లకెంత, ఓనర్లకెంత అన్న తగువు పెద్దదై వేలమంది బళ్లు ఆపేశారు. సాహిత్యం చదివేవాళ్లకి ఈ సమ్మె వేరే దారిలో తెలిసి ఉండొచ్చు. మరుసటి ఏడాది క్లిఫర్డ్ ఒడెట్స్ రాసిన 'వెయిటింగ్ ఫర్ లెఫ్టీ' నాటకానికి ఈ సమ్మే ముడిసరుకు. ఆ పేరులో ఉన్న 'ఎదురుచూపు' వేరే విషయం గురించే. అయినా ట్యాక్సీ డ్రైవర్ల నాటకానికి అంతకన్నా సరైన మాట దొరకదనిపిస్తుంది.

1937లో మేయర్ లా గార్డియా హయాంలో హాస్ చట్టం వచ్చింది. ఉన్న ట్యాక్సీ లైసెన్సులను సుమారు 13,500 దగ్గర ఆపేశారు. కొత్తవి ఇవ్వరు, పాతవి రెన్యూ చేసుకోవచ్చు. ఫీజు పది డాలర్లు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి రెన్యూ చేసుకోనివి రద్దయి 11,787 మిగిలాయి. ఆ అంకె 1996 దాకా మారలేదు. దాదాపు యాభై ఏళ్ల పాటు నగరం మారింది, జనం మారారు, ఆ అయిదంకెల సంఖ్య మాత్రం అలాగే ఉంది.

ఇక్కడ ఆగి చూడాలి. బళ్లు తగ్గిస్తే ఒక్కో బండి ఖాళీగా తిరిగే సమయం తగ్గుతుంది. కాబట్టి 1937 నాటి ఆలోచనలో తప్పేమీ లేదు. ఖాళీ సమయం డ్రైవర్లను తినేస్తోందని నగరం గుర్తించి, దాన్ని తగ్గించింది. పొరపాటు ఇంకో చోట జరిగింది. లైసెన్సును బండికి కట్టారు, పైగా అమ్ముకోనిచ్చారు. దాంతో ఖాళీ సమయం తగ్గినందుకు వచ్చిన లాభం సీట్లో కూర్చున్నవాడికి కాకుండా రేకు ఉన్నవాడికి చేరింది. పది డాలర్ల కాగితం ఆస్తి అయింది. 1947లోనే దాని బజారు ధర సుమారు రెండున్నర వేల డాలర్లు. 1980ల మధ్యకొచ్చేసరికి లక్ష.

సొంత రేకుతో సొంత బండి నడుపుకునేవాళ్లు లేకపోలేదు. చట్టం కొన్ని మెడాలియన్లను వాళ్లకే కేటాయించింది. ఓ తరం వలస కుటుంబాలకు అదే మెట్టు. మన వాళ్లు ప్లాటు కొన్నట్టు వాళ్లు మెడాలియన్ కొన్నారు. కానీ సగానికి పైగా రేకులు కంపెనీల చేతుల్లో ఉండేవి. వాటిని నడిపేవాళ్లు కూలీలే.

ఈ అంకెకి ఇంకో ముఖం కూడా ఉంది. బళ్లు తక్కువ, గిరాకి ఎక్కువ అయినప్పుడు డ్రైవరుకి ఎంచుకునే వీలొస్తుంది. పసుపు ట్యాక్సీలు మన్‌హాటన్ నడిబొడ్డు, ఎయిర్‌పోర్టులు దాటి వెళ్లడానికి ఇష్టపడలేదు. హార్లెమ్‌లో, బ్రాంక్స్‌లో, బ్రూక్లిన్ లోపల నల్లవాళ్లు చెయ్యెత్తితే ఆగేవి కావు. ఆ ఖాళీని లైసెన్స్ లేని బళ్లు నింపాయి. పసుపు రంగు మెడాలియన్ ట్యాక్సీలకే ఉండాలన్న నియమం 1960ల చివర్లో వచ్చింది వీటి నుంచి వాటిని వేరు చెయ్యడానికే. 1971లో ట్యాక్సీలకూ, ఫోన్ చేస్తే వచ్చే కిరాయి కార్లకూ కలిపి ఒక కమిషన్ ఏర్పడింది. టీఎల్‌సీ అని పిలుస్తారు. అయినా 1999లో నటుడు డానీ గ్లోవర్ అంతటివాడు, ట్యాక్సీలు తన కోసం ఆగడంలేదని ఆ కమిషన్‌కి ఫిర్యాదు చేయాల్సి వచ్చింది. కాబట్టి యాప్‌లు రాకముందు అంతా బాగుండేదన్న కథ నేను చెప్పబోవడం లేదు. ఆటో ఎక్కబోతే "మీటర్ మీద ఇరవై ఎక్కువియ్యాలె" అనిపించుకున్న ఏ హైదరాబాదీ ఆ కథ నమ్మడు. ఆటోవాడి కొడుకైనా సరే.

* * *

1979లో ఒక చిన్న నియమం మారింది. పేపర్లలో పెద్దగా కనపడని మార్పే. కానీ నా మటుకు మొత్తం చరిత్రకి కీలు అదే.

అంతకుముందు కంపెనీ బళ్లు నడిపేవాళ్లకి మీటరు మీద వచ్చినదాంట్లో వాటా ఉండేది. అది కమిషన్ పద్ధతి. గిరాకి తక్కువైతే డ్రైవరుకీ తక్కువ, ఓనరుకీ తక్కువ. ఖాళీ గంట ఖరీదు ఇద్దరూ పంచుకునేవాళ్లు. 1960ల్లో ఏర్పడ్డ యూనియన్ ఈ వాటా కోసమే బేరాలాడేది. 1979లో నగరం లీజు పద్ధతికి ఒప్పుకుంది. షిఫ్టు మొదలవుతూనే ఇంత అని ఓనరుకి కట్టాలి. పెట్రోలు డ్రైవరుదే. ఆ పైన వచ్చిందంతా డ్రైవరుదే. వినడానికి బాగుంటుంది. నీ బండికి నువ్వే రాజువి. చట్టం దృష్టిలో డ్రైవరు ఉద్యోగి కాకుండా పోయాడు, స్వతంత్ర కాంట్రాక్టరు అయ్యాడు.

జరిగిందల్లా ఏమిటంటే, ఖాళీ గంట పూర్తిగా డ్రైవరు ఖాతాలోకి వెళ్లింది. మంచు పడినా, గిరాకి లేకపోయినా, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా ఓనరు డబ్బు ముందే అందింది. మా నాయిన ఎడమ జేబు న్యూయార్క్‌లో చట్టబద్ధంగా కుట్టిన రోజది.

ఆ పని నుంచి పాత డ్రైవర్లు తప్పుకుంటూ పోయారు. వాళ్ల సీట్లలోకి బంగ్లాదేశ్, పాకిస్తాన్, పంజాబ్, హైతీ, పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు ఎక్కారు. యూనియన్లు వాళ్లను పట్టించుకోలేదు. ఉద్యోగులే కానివాళ్లకి యూనియన్ ఎలా? 1998లో మేయర్ జులియాని జరిమానాలు పెంచుతూ 17 కొత్త నియమాలు ప్రతిపాదించినప్పుడు, భైరవి దేశాయ్ నాయకత్వంలో కొత్తగా మొదలైన ట్యాక్సీ వర్కర్స్ అలయన్స్ మే 13న సమ్మెకు పిలుపిచ్చింది. ఆ రోజు పసుపు ట్యాక్సీల్లో అత్యధిక భాగం రోడ్డెక్కలేదు. నియమాలు చాలావరకు అమలయ్యాయి కానీ, ఈ డ్రైవర్లకు కూడా సంఘం ఉండొచ్చని నగరానికి తెలిసొచ్చింది.

ఈలోపు నగరమే రేకుల వ్యాపారంలోకి దిగింది. 1996 నుంచి మెడాలియన్లు వేలం వేయడం మొదలైంది, ఆ అంకె మెల్లగా 13,587కి చేరింది. స్టాక్ మార్కెట్ కంటే మంచి పెట్టుబడి అని నగరమే ప్రకటనలిచ్చింది. 2013, 14 నాటికి ఒక్కో రేకు ధర పది లక్షల డాలర్లు దాటింది. డ్రైవర్లకి అంత డబ్బెక్కడిది? అప్పులిచ్చారు. అసలు తీర్చనక్కర్లేని, వడ్డీ మాత్రమే కట్టే అప్పులు. రేకు ధర పెరిగినప్పుడల్లా దాని మీద ఇంకో అప్పు. 2019లో న్యూయార్క్ టైమ్స్‌లో బ్రయాన్ రోజెంతాల్ రాసిన పరిశోధన కథనాలు ఈ వ్యవహారాన్ని బయటపెట్టాయి, మరుసటి ఏడాది వాటికి పులిట్జర్ వచ్చింది. మెడాలియన్ల అమ్మకాలు, వాటి మీద పన్నుల ద్వారా నగరానికి 85 కోట్ల డాలర్లకు పైగా వచ్చిందని ఆ కథనాలు లెక్కగట్టాయి.

అంటే 1937లో డ్రైవరును కాపాడటానికి పుట్టిన రేకు ఇప్పుడు నగరానికి ఆదాయం, బ్యాంకుకి వడ్డీ, బ్రోకరుకి కమిషన్. మధ్యలో సీట్లో ఉన్నవాడికి రోజూ మొదటి ఏడెనిమిది గంటలు.

* * *

ఉబర్ న్యూయార్క్‌లో అడుగుపెట్టింది 2011లో. అప్పటికి పసుపు ట్యాక్సీలకే సంఖ్య మీద పరిమితి ఉండేది. ముందే పిలిపించుకునే కిరాయి కార్లకు ఉండేది కాదు. యాప్ ఆ రెండో తలుపులోంచి వచ్చింది. ఫోన్‌లో బటన్ నొక్కడం 'చెయ్యెత్తడం' కిందికి వస్తుందా, 'ముందే పిలిపించుకోవడం' కిందికి వస్తుందా? చట్టం రాసినప్పుడు ఈ రెండింటికీ మధ్య గంట తేడా ఉండేది. ఫోన్ దాన్ని రెండు నిమిషాలకు తగ్గించింది. సాఫ్ట్‌వేర్ వాళ్లం ఇలాంటి సందుల్ని చూస్తే సంబరపడతాం.

ప్రయాణికులకి మేలే జరిగింది. ఒకప్పుడు పసుపు ట్యాక్సీ తొంగిచూడని పేటల్లోకి బళ్లొచ్చాయి. అలాంటి చోట్ల కోసమే నగరం 2013లో ఆకుపచ్చ ట్యాక్సీలు తెచ్చింది, అవి యాప్‌ల పోటీకి నిలవలేకపోయాయి. 2015లో మేయర్ డి బ్లాసియో యాప్ కార్ల సంఖ్యకి కళ్లెం వేద్దామన్నాడు. ఉబర్ తన యాప్‌లోనే ఆయన పేరుతో ఒక ఆప్షన్ పెట్టింది. దాన్ని నొక్కితే, ఈ చట్టం వస్తే బండి కోసం మీరింత సేపు ఆగాల్సొస్తుంది అని చూపిస్తుంది. నగరం వెనక్కి తగ్గింది.

ఆ ప్రచారాన్ని ఇప్పుడు తలుచుకుంటే ఒక విషయం తడుతుంది. ప్రయాణికుడి ఎదురుచూపుని నిమిషాల్లో స్క్రీన్ మీద చూపించారు. డ్రైవరు ఎదురుచూపుని చూపించే స్క్రీన్ లేదు. కంపెనీకి ఆ రెండో అంకె కూడా తెలుసు. కానీ కొత్త బండి ఒకటి చేరితే ప్రయాణికుడు ఆగే సమయం తగ్గుతుంది, డ్రైవరు ఖాళీ పెరుగుతుంది, కంపెనీకి ఆ ఖాళీకి పైసా ఖర్చు లేదు. ఖర్చు లేని వనరుని ఎవరైనా ఎంతైనా వాడతారు. 2018 నాటికి కిరాయి కార్ల లైసెన్సులు లక్ష దాటాయి. రేకు ధర కుప్పకూలింది. ఆ ఏడాది వరసగా డ్రైవర్లు ఆత్మహత్య చేసుకున్నారు. ఫిబ్రవరిలో ఒకాయన సిటీ హాల్ ఎదురుగానే ప్రాణం తీసుకున్నాడు. నేను ఆ పసుపు ట్యాక్సీ ఎక్కింది ఆ ఏడాదే.

2018 ఆగస్టులో సిటీ కౌన్సిల్ రెండు పనులు చేసింది. ఒకటి, కొత్త కిరాయి కార్ల లైసెన్సులు ఆపడం. ఇది 1937 మందే. దాని దుష్ఫలితం కూడా అదే. లైసెన్స్ ఉన్న కార్లకు గిరాకి పెరిగి, సొంత కారు లేని డ్రైవర్లు వాటిని వారానికింత అని అద్దెకు తెచ్చుకోవాల్సి వచ్చింది.

రెండోది మాత్రం కొత్తది. ఒక భాగహారం.

యాప్ డ్రైవర్లకి కనీస చెల్లింపు ఎంత ఉండాలో లెక్కగట్టే పనిని టీఎల్‌సీ ఇద్దరు ఆర్థికవేత్తలకి, జేమ్స్ పారట్, మైఖేల్ రైక్‌లకు అప్పగించింది. 2019లో అమల్లోకి వచ్చిన సూత్రం ఇలా ఉండేది. మైలుకి 63.1 సెంట్లు, నిమిషానికి 28.7 సెంట్లు. ఏడున్నర మైళ్లు, అరగంట ట్రిప్పు అయితే మొత్తం 13 డాలర్ల 34 సెంట్లు. అక్కడితో ఆగితే అది మామూలు మీటరే. వాళ్లు ఆగలేదు. డ్రైవర్లు యాప్ ఆన్ చేసి ఉన్న సమయంలో ప్రయాణికుడు బండిలో ఉండేది 58 శాతమే అని తేలింది. కాబట్టి ఆ మొత్తాన్ని 0.58తో భాగించాలన్నారు. వచ్చేది 23 డాలర్లు. ఖర్చులు పోను గంటకి 17 డాలర్ల 22 సెంట్లు చేతికి రావాలన్నది లక్ష్యం.

ఆ భాగహారం చూసినప్పుడు నేను కాగితం మీద మళ్లీ చేసి చూసుకున్నాను. 1907 మీటరు కొలవని సమయం ఇక్కడ హారంలో కూర్చుంది. ఖాళీ ఎక్కువైతే హారం చిన్నదవుతుంది, కంపెనీ కట్టాల్సింది పెరుగుతుంది. బళ్లు ఎన్ని ఉండాలో నగరం చెప్పనక్కర్లేదు. ఖాళీకి ధర పెడితే ఎన్ని అవసరమో కంపెనీయే చూసుకుంటుంది.

కంపెనీలు చూసుకున్నాయి కూడా, వాళ్ల పద్ధతిలో. హారం చిన్నది కాకుండా ఉండాలంటే రెండు దార్లు. డ్రైవర్లకి గిరాకి పెంచడం, లేదా గిరాకి లేని డ్రైవర్లని లెక్కలోంచి తీసేయడం. 2019లో, మళ్లీ 2024 వేసవిలో, యాప్‌లు గిరాకి తక్కువున్న గంటల్లో డ్రైవర్లని లాగిన్ కానివ్వలేదు. నడిరోడ్డు మీద, బండి ఇంజన్ ఆన్‌లో ఉండగానే, యాప్ నుంచి బయటికి నెట్టేసింది. అతను ఇంటికి పోలేడు, కాసేపట్లో తెరుస్తారేమో తెలియదు. ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపు మాత్రం ఏ లెక్కలోకీ రాదు. ఒక అంకెని లక్ష్యంగా పెడితే మేం ఇంజనీర్లం పనిని కాకుండా అంకెనే మారుస్తామని ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. అయినా ఆ సూత్రం ఓడిపోయిందనను. దానితో ఆడాల్సి వచ్చిందంటేనే అది నొప్పి పుట్టే చోట తగిలిందని.

రేకుల అప్పుల కథ ఇంకో రకంగా ముగిసింది. 2021 అక్టోబరులో డ్రైవర్లు సిటీ హాల్ బయట నిరాహార దీక్షకి కూర్చున్నారు. అప్పటికి అసెంబ్లీ సభ్యుడైన జొహ్రాన్ మమ్‌దానీ కూడా వాళ్లతో కూర్చున్నాడు. పదిహేనో రోజున, నవంబరు 3న ఒప్పందం కుదిరింది. అప్పుని లక్షా డెబ్బై వేల డాలర్లకు కుదించి, దానికి నగరం హామీ ఉంటుంది. నెలకి కట్టాల్సింది 1,122 డాలర్లు మించదన్నారు. నా ట్యాక్సీ పెద్దాయన ఆ జాబితాలో ఉన్నాడో లేడో నాకు తెలీదు.

* * *

ఇప్పుడు హైదరాబాద్‌కి రావడానికి నాకున్న కారణం మా నాయిన ఒక్కడే కాదు.

2014లో ఇక్కడ ఆటో మీటరు రేటు ఖరారు చేశారు. మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకి 11. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ రేటు అక్కడే ఉండిపోయింది, మీటరు మూలనపడింది, యాప్ దాని స్థానంలోకి వచ్చింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి 'అగ్రిగేటర్' అనే మాట చేరింది. 2020లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో సర్జ్ ధర బేస్ ఫేర్‌కి ఒకటిన్నర రెట్లు మించకూడదన్నారు. 2025లో దాన్ని రెండు రెట్లు చేశారు. కొత్త మార్గదర్శకాల్లో ఒక చిన్న మాట నన్ను ఆపింది. బేస్ ఫేర్ కనీసం మూడు కిలోమీటర్లకు ఉండాలి, ప్రయాణికుడి దగ్గరికి ఖాళీగా వచ్చే 'డెడ్ మైలేజీ'కి పరిహారంగా. ఖాళీ దూరం అనేది ఒకటుందని మన చట్టం పేరు పెట్టి పిలిచినట్టుంది. ఖాళీ సమయానికి ఇంకా పేరు లేదు.

అదే సమయంలో ఇంకోటి జరుగుతోంది. ఆటోలకు యాప్‌లు కమిషన్ మానేస్తున్నాయి. రోజుకింత అని యాప్‌కి ముందే కడితే చాలు, కిరాయి అంతా డ్రైవరుదే. జీరో కమిషన్ అని ప్రకటనలు. డ్రైవర్లు చాలామంది దీన్ని ఇష్టపడుతున్నారు, కమిషన్ కోతలు చూశాక ఎవరైనా ఇష్టపడతారు. ఇప్పటికి ఆ మొత్తం చిన్నదే. కానీ 1979 గురించి చదివినవాడికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. కమిషన్ ఉన్నంతకాలం గిరాకి లేకపోతే యాప్‌కి కూడా నష్టమే. రోజు కట్టుబడి అయితే దాని డబ్బు దానికి ముందే అందుతుంది. మళ్లీ ఎడమ జేబు.

ఇదంతా బయట నిలబడి చెప్పే హక్కు నాకు లేదు. మా టీమ్ రాసేది డెలివరీ బళ్లకు ఆర్డర్లు పంచే సాఫ్ట్‌వేర్. ఏ ఆర్డరు ఎవరికి పోవాలో తేల్చే ఫార్ములాలో, కస్టమరు ఆగిన ప్రతి నిమిషానికీ ఖర్చు ఉంది. రెండు ఆర్డర్ల మధ్య డ్రైవరు ఆగిన నిమిషాలు కూడా ఒక కాలమ్‌లో పడుతుంటాయి. దాని గుణకం సున్నా. ఆ సున్నా పెట్టింది నేనే. పెట్టమని ఎవరూ చెప్పలేదు, పెట్టొద్దనీ చెప్పలేదు. డిఫాల్ట్‌గా అలా ఉండిపోయింది. ఈ మధ్య ఒక రివ్యూలో దాని గురించి అడిగాను. అది మన స్కోప్ కాదన్నారు. ఒకరకంగా నిజమే. ఆ గుణకం ఎంతుండాలో ఒక ఇంజనీరు మంచితనానికి వదిలేయకూడదు. అది నగరం చెప్పాల్సిన అంకె. చెప్పేదాకా మాత్రం ఎవరో ఒకరు అక్కడ సున్నా రాస్తూనే ఉంటారు.

మా నాయిన బండి నడపడం మానేసి తొమ్మిదేళ్లయింది. పోయిన ఆదివారం ఆయనకి ఆ 0.58 భాగహారం చెప్పాను, క్యాలెండర్ వెనక రాసి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు.

"అంటే గిరాకి లేని టైము గూడ లెక్కల వేసిన్రా?"

"వేసిన్రు నాయినా."

"ఎవలు అడిగిన్రట?"

"డ్రైవర్లే. ఇరవై ఏండ్లు కొట్లాడిన్రు."

కాసేపు ఆ కాగితం వైపే చూశాడు. "మాకు గది అడగాలని గూడ తెల్వలే బిడ్డా" అన్నాడు.